వంశచరిత్ర రచనకు తొలి యత్నము

ప్రశ్న: ముత్తాతకు పూర్వులెవరో మా ఇంట ఎవరికిని తెలియదు. వంశవృక్షము వ్రాయదలచితిని. ఎచ్చట ప్రారంభింపవలెను?

జవాబు: మొదట ఇంటనున్న వృద్ధ స్త్రీలను అడుగుడు. మేనరికములు, దత్తతలు, కోడండ్ర పుట్టినిండ్లు పురుషులకంటె వారికే చక్కగా జ్ఞప్తియందుండును. ఈ పనిని మాత్రము వాయిదా వేయకుడు.

పిమ్మట భోషాణములోని పాత దస్తావేజులను విప్పి చూడుడు. ‘ఆనంద నామ సంవత్సరము’ అని మాత్రమే యున్న క్రయపత్రము 1854, 1914, 1974లలో దేనిదైనను కావచ్చును గాని, అది ఐదవ జార్జి చక్రవర్తి ముఖచిత్రము గల స్టాంపు కాగితమైనచో 1914–15 నాటిదని నిస్సందేహముగ నిర్ణయింపవచ్చును. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారమగుటచే, ఒకే పేరు తరము విడిచి తరమున కనబడి, ఇరువురిని ఒక్కరినిగా భ్రమింపజేయును; కావున ప్రతి పేరుచెంతను తండ్రి పేరు, గ్రామము, సంవత్సరము తప్పక వ్రాసికొనుడు.

మీ పూర్వులు మదరాసు రాజధానిలో ఇనాము భూమి ననుభవించినవారైనచో, 1858లో ఏర్పడిన ఇనాము కమిషను వారి రిజిస్టర్లను వెదకుడు. నాటి అనుభవదారుని పేరే గాక, మూలగ్రహీతతో అతనికి గల బంధుత్వము సైతము వానియందు లభింపవచ్చును.