ఆగిన కారులో కరెంటు దొంగ

తిరుపతిలో మా మిత్రుడొకరికి పాత కారు ఉన్నది. మూడు రోజులు కదపకపోతే నాలుగోనాడు తోయవలసిందే! ఒక తెల్లవారుజామున తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. కారు స్టార్టు కాలేదు. ఇరుగుపొరుగువారు వచ్చి తోశారు. బ్యాటరీ మంచిదే. మరి విద్యుత్తు ఏమైనట్లు?

కారు బ్యాటరీలు మన కరకంబాడిలోనూ తయారవుతాయి. ఒక్కొక్క దానిలో 2 వోల్టుల ఘటాలు 6 శ్రేణిలో ఉంటాయి. మొత్తం 12 వోల్టులు.

ఆదివారం ఇద్దరం వెతికాం. ఇంజను, దీపాలు అన్నీ ఆపాం. బ్యాటరీ ఋణధ్రువం నుండి తీగ విప్పి, ఆ రెండింటి నడుమ అమ్మీటరును శ్రేణిలో కలిపాం. ముల్లు 0.5 ఆంపియరు చూపింది! బ్యాటరీ సామర్థ్యం 40 ఆంపియర్-గంటలు. 40ని 0.5తో భాగించండి. 80 గంటలు, అంటే మూడు రోజుల పైచిలుకు. లెక్క కుదిరింది కదా!

తరువాత ఫ్యూజులను ఒక్కొక్కటే తీసి, ముల్లును చూసి, మళ్ళీ పెట్టాం. ఒకటి తీయగానే ముల్లు సున్నకు వచ్చింది. దొంగ ఆ వలయంలోనే ఉన్నాడన్నమాట! దాని తీగల వెంబడి పోతే డిక్కీలోని చిన్న దీపం దొరికింది. స్విచ్చి తుప్పుపట్టి, మూత మూసినా దీపం వెలుగుతూనే ఉన్నది. అది 6 వాట్ల దీపం. 6ను 12తో భాగిస్తే 0.5!

జాగ్రత్త: అమ్మీటరు కలిపి ఉండగా కారు స్టార్టు చేయరాదు. స్టార్టరు మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది, మీటరు కాలిపోతుంది. పెద్దలు దగ్గర లేనిదే ఈ పని చేయకండి.

ప్రశ్న: ఆ దీపం 3 వాట్లదే అయితే, ఈ బ్యాటరీ ఎన్ని గంటలకు ఖాళీ అవుతుంది?