టమాట చేనుకు పోయేముందు

ఈ మధ్య అమ్మానాన్నలు పిల్లల గురించి చెప్పుకునే బాధ దాదాపు ఒకే తీరుగా ఉంటోంది. కూర ముట్టడు, టమాట ముక్క కనిపిస్తే ఏరి పళ్లెం అంచున పెడతాడు, ఫోను తప్ప వేరే లోకం లేదు, తినేది ఎక్కడ పండుతుందో కూడా తెలియకుండా పెరుగుతున్నాడు. ఈ బాధలో న్యాయముంది. అందుకే ఒక ఆదివారం పిల్లలను టమాట చేనుకు తీసుకుపోయి, వాళ్ల చేతులతోనే తెంపనిద్దామని చాలామందికి అనిపిస్తోంది. ఆలోచన మంచిదే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పిల్లలతో తోటలకు పోయి, స్ట్రాబెర్రీలో ఆపిల్ పండ్లో తామే తెంపుకుని, తూకం వేయించుకుని, డబ్బు కట్టి తెచ్చుకుంటారు. వాళ్లు పెట్టే ఫొటోలు చూసి మన దగ్గర అట్లాంటివి లేవే అని చింతపడనక్కర్లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మనలో చాలామందికి మేనమామ చెల్కో, చిన్నాన్న చేనో, తెలిసిన రైతు తోటో ఉండనే ఉంటుంది. గుడిహత్నూర్, ఇంద్రవెల్లి వైపు టమాట వేసే రైతులు ఎంతోమంది ఉన్నారు. ముందుగా ఒక మాట అడిగి, తెంపిన దానికి డబ్బులిస్తామంటే చాలామంది కాదనరు.

అయితే బయలుదేరే ముందు మనం కూర్చుని ఆలోచించుకోవలసిన విషయం ఒకటుంది. మనసుకు కొంచెం కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. మన ఇళ్లలో పిల్లలు చేను గురించి మొట్టమొదట వినేది ఏ మాట? "మంచిగ చదువు, లేకుంటే బర్లు కాయవోతవ్." "మార్కులు రాకుంటే చేన్ల కూలికి పోవుడే." ఈ మాటలు దాదాపు ప్రతి ఇంట్లో వినబడతాయి. ఏడాది పొడవునా చేనును శిక్షగా చూపించి, ఒక్క ఆదివారం మాత్రం అదే చేనుకు సరదాగా పోదాం రమ్మంటే పిల్లవాడు దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి?

పిల్లల మనసు ఇట్లాంటి రెండు మాటలను రెండు వేర్వేరు అరల్లో పెట్టుకోదు. రెంటినీ కలుపుకుని తనకు తోచిన అర్థం తీసుకుంటుంది. చదువు రానివాళ్లు ఉండే చోటు చేను అనుకుంటుంది. మరి అక్కడే ఉన్న తాత ఏమవుతాడు? పొద్దున్నే నడుం వంచి టమాటలు తెంపే నాయనమ్మ ఏమవుతుంది? ఆ ప్రశ్న పిల్లలు మనను అడగరు. లోపల మాత్రం దానికి జవాబు వెతుక్కుంటారు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు తాత మట్టి చేతులను చూసి పక్కకు జరిగితే మనం వాడిమీద కోప్పడతాం. ఆ జరగడం నేర్పింది మన మాటే కావచ్చునన్నది మనకు తట్టదు.

ఇందులో మన ప్రేమకు లోటేమీ లేదు. కాలం కాని ఏళ్లు, ఎండిపోయిన బావులు, మిత్తికి తెచ్చిన అప్పులు చూస్తూ పెరిగిన తరం మనది. మన బిడ్డలకు ఆ కష్టం వద్దనుకున్నాం. ఆ భయమే నోట బెదిరింపుగా వస్తోంది. భయం నిజం, దాని వెనక ప్రేమ ఇంకా నిజం. మార్చుకోవలసింది ఆ మాట ఒక్కటే. "నువ్వు బాగా చదువుకోవాలని నా కోరిక" అంటే చాలు. అందులోకి చేనును, బర్రెలను, తాతను లాగక్కర్లేదు.

ఇక ఎప్పుడు పోవాలి? మన దగ్గర దీపావళికి అటూ ఇటూగా నారు నాటిన తోటలు సంక్రాంతి నాటికి మంచి కాపు మీద ఉంటాయి. చలికాలమే దీనికి అనువైన కాలం. ఎండలు ముదిరితే మొక్కకూ కష్టమే, పిల్లలకూ కష్టమే. వేడికి పూత రాలుతుంది, 32 డిగ్రీలు దాటితే కాయకు ఎరుపు కూడా సరిగ్గా పట్టదు. ఆదిలాబాద్ చలిలో మరీ పొద్దున్నే పోవద్దు. ఆకుల మీది మంచు ఆరనివ్వాలి. తడి ఆకులను తాకుతూ తిరిగితే ఒక మొక్క తెగులు ఇంకో మొక్కకు అంటుకుంటుంది, ఆ నష్టం రైతుది.

అడగడానికి మొహమాటపడకూడని ప్రశ్న ఒకటుంది. చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు? కాయతొలుచు పురుగుకో తెల్లదోమకో టమాటకు మందు కొట్టడం మామూలే. కొట్టిన తర్వాత ఆ మందు డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి తెంపాలి. మొన్ననే కొట్టారంటే ఆ రోజులు గడిచేదాకా వాయిదా వేసుకుందాం. చేతిలో పండు పట్టుకున్న పిల్లవాడు అక్కడే కొరుకుతాడు కాబట్టి కడగడానికి మంచినీళ్లు వెంట ఉండాలి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు వేయాలి. అన్నిటికంటే ముఖ్యం వ్యవసాయ బావి. మన చేన్లలో చాలా బావులకు గోడ ఉండదు. బావి దగ్గర, మోటారు స్టార్టర్ దగ్గర పిల్లల చెయ్యి వదలొద్దు. ఇందులో మాత్రం మెత్తదనం పనికిరాదు.

తోటలోకి అడుగుపెట్టాక మనం చేయవలసింది తక్కువ. నిజానికి అదే మనకు కష్టం. నోరు ఊరుకోదు. "ఇది ఏ విటమిన్? మొక్కకు ఎన్ని భాగాలు? ఇంగ్లిషులో చెప్పు" అని మొదలుపెడతాం. పిల్లలకు నేర్పాలన్న తపనతోనే అడుగుతాం. కానీ పిల్లలకు ఆ క్షణంలో తోట మాయమై తరగతి గది కనిపిస్తుంది. జవాబు తప్పుతుందేమోనన్న భయం వస్తుంది. చూపు మొక్క మీదనుంచి మన ముఖం మీదికి తిరుగుతుంది.

అట్లా కాకుండా ఒక చిన్న బుట్ట చేతికిచ్చి, "రేపటి కూరకు నువ్వే ఏరు" అని ఊరుకుందాం. అప్పుడు పిల్లవాడి లోపల జరిగేది గమనించదగ్గది. ముందు కంటికి ఎర్రగా కనబడిందల్లా గబగబా తెంపుతాడు. గట్టిగా లాగితే కొమ్మ కూడా వస్తుంది, భయంగా మన వైపు చూస్తాడు. అప్పుడు రైతునే చూపించమందాం. తొడిమ మీద చిన్న గణుపు ఉంటుంది. పండును అరచేతిలోకి తీసుకుని, అక్కడ బొటనవేలు ఆనించి, కొద్దిగా పైకి వంచితే టప్పున ఊడి వస్తుంది. ఆ కిటుకు చేతికి తెలిసిన తర్వాత పిల్లల ముఖంలో వచ్చే ధీమా ఏ మార్కుల కాగితంతోనూ రాదు. పదో పండుకు తొందర తగ్గుతుంది. వంగి ఆకుల కింద చూడడం మొదలవుతుంది. టమాట కింది కొస నుంచి రంగు తిరుగుతుందని ఎవరూ చెప్పకుండానే కనిపెడతాడు. ఇది తెంపాలా, ఉంచాలా అని తనలో తాను తర్కించుకుంటాడు. ఇంట్లో వేసుకునే బట్టల నుంచి చదివే బడి దాకా అన్నీ పెద్దవాళ్లే నిర్ణయించే పిల్లలకు, తమ నిర్ణయం పొయ్యి మీదికి వెళ్తుందన్నది చిన్న విషయం కాదు.

పచ్చివి కూడా కొన్ని తెంపుతారు, తెంపనిద్దాం. బాగా ఊరిన కాయలను పండ్ల పక్కన ఇంట్లో ఉంచితే కొన్ని రోజుల్లో రంగు తిరుగుతాయి. మిగిలినవి పచ్చి టమాట తొక్కుకు పనికొస్తాయి. తన పొరపాటు కూడా అన్నంలోకి వచ్చిందని తెలిసిన పిల్లవాడు ఇంకోసారి ధైర్యంగా చెయ్యి చాపుతాడు. టమాట ఆకుల జిగురుకు వేళ్లు పచ్చగా, తర్వాత నల్లగా మారతాయి. ఆ మరకలు చూసి "ఛీ" అనకండి. పని చేసిన చేతికి అట్లాగే ఉంటుందని చెప్పండి. తాత చేతుల గురించి అప్పుడు వేరే పాఠం అక్కర్లేదు.

ఇంకొక కష్టమైన మాట. మన పిల్లలు సరదాకు తెంపే చోట, ఇంకెవరో కూలి కోసం తెంపుతుంటారు. వాళ్ల వెంట మన పిల్లల వయసు పిల్లలే ఉండవచ్చు. మన పిల్లలు ఆ తేడాను చూస్తారు. చూసి, మనం ఎట్లా ఉంటున్నామో గమనిస్తారు. ఆ పని చేసే అక్కను "అక్కా" అని పిలిచి, ఆమె సాలులో అడ్డం పడకుండా, ఆమె పని ఆపకుండా మనం తిరిగితే వాళ్లూ అదే నేర్చుకుంటారు. ఫొటోలు మన పిల్లలవి ఒకటి రెండు తీసుకుంటే చాలు. పని చేసేవాళ్లను అడగకుండా తీయవద్దు. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్ వైపు ఎన్నో ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. ఆయనకు వీడియో కాల్ చేసి, "నాన్నా, ఏది తెంపాలి?" అని పిల్లలు అడిగితే అంతకంటే మంచి వాడకం ఫోనుకు లేదు.

తూకం దగ్గర బేరం వద్దు. రైతు చెప్పిన ధర ఇద్దాం, డబ్బులు పిల్లల చేతనే ఇప్పిద్దాం. వయసొచ్చిన పిల్లలైతే లెక్క కూడా చెప్పవచ్చు. టమాట బాక్సులో మామూలుగా 25 కిలోలు పడతాయి. కిలోకు 4 రూపాయలు పలికిన రోజున బాక్సుకు వచ్చేది 100 రూపాయలు. తెంపిన కూలి, ఆటో కిరాయి అందులోంచే పోవాలి. అదే టమాట 2023 జూలైలో మన బజార్లలో కిలో 100 రూపాయలు దాటింది. తాత ఒక ఏడు నవ్వుతూ, ఒక ఏడు దిగులుగా ఎందుకు ఉంటాడో పదేళ్లు దాటిన పిల్లలకు అర్థమవుతుంది. వాళ్లకు లోకం ఎట్లా ఉందో చెప్పడం భయపెట్టడం కాదు. మన చెంత ఉండి నిజం తెలుసుకున్న పిల్లలకు ఆ నిజం బరువు కాదు.

పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు అసలు రామని అనవచ్చు. తోటివాళ్లు చూస్తే నవ్వుతారని సిగ్గుపడతారు. ఆ సిగ్గును తిట్టి పోగొట్టలేం. వాళ్లకు చిన్న పనేదైనా అప్పగిద్దాం. తూకం చూడడం, లెక్క రాయడం, తమ్ముణ్ని బావి వైపు పోకుండా చూసుకోవడం. అవసరం ఉన్న చోట సిగ్గు తగ్గుతుంది.

ఇంటికొచ్చిన తర్వాత మనం నిరాశపడే అవకాశం ఉంది. తానే తెంపిన టమాటను కూడా పిల్లవాడు తినకపోవచ్చు. కొత్త రుచికి నాలుక అలవాటు పడడానికి కొందరు పిల్లలకు పది పదిహేను సార్లు రుచి చూడవలసి వస్తుందని పిల్లల ఆహారపుటలవాట్లను పరిశీలించినవారు చెబుతారు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్తవాటికి భయపడడం మరీ ఎక్కువ. "అంత దూరం తీసుకుపోయాను, అయినా తినవా?" అనవద్దు. ఆ మాటతో చేను తీర్చవలసిన అప్పుగా మారిపోతుంది. పళ్లెంలో ఒక ముక్క పెట్టి, మనం ఇష్టంగా తిని, ఊరుకుందాం. తినే రోజు దానంతట అదే వస్తుంది.

చేనుకు పోయే వీలు లేనివాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1999 జనవరి 26న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలైంది రైతు తన పంటను దళారి లేకుండా అమ్ముకోవడానికే. మీకు దగ్గరలోని రైతు బజారులో పిల్లల చేతికి సంచి ఇచ్చి, టమాటలు వాళ్లనే ఏరమనండి. తొందరపెట్టకండి. డాబా మీద ఒక కుండీలో నాలుగు గింజలు వేసినా మూడు నెలలకు పండు చేతికొస్తుంది. ఆ మూడు నెలలు పిల్లలు ఎదురుచూడడం నేర్చుకుంటారు.

ఎక్కడికి పోయినా, పోకపోయినా, ఒక్క పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. దానికి ఖర్చు లేదు, సెలవు అక్కర్లేదు. చదవకపోతే చేనుకు పంపుతానన్న బెదిరింపును మన ఇంట్లో ఆపేద్దాం. మన పిల్లలు రేపు డాక్టర్లు కావచ్చు, ఇంజినీర్లు కావచ్చు, రైతులే కావచ్చు. ఏమైనా సరే, తమకు అన్నం పెట్టే చోటును తక్కువగా చూడకుండా పెరగడం వాళ్ల హక్కు. ఆ హక్కును కాపాడవలసింది మనమే.