శిక్ష: ఒక మాట, మా ఇంటి కారు

'ఒక మాట, దాని కథ' శీర్షికకి ఈ నెల నా వంతు వచ్చింది. నేను 'శిక్ష' అనే మాట తీసుకున్నాను. మూడు నెలల కిందట మా ఇంట్లో జరిగిన సంగతే దీనికి కారణం. తమ్ముణ్ణి అడిగే రాస్తున్నాను. "పేరు రాయకు, కారు రంగు కూడా రాయకు" అన్నాడు. సరే అన్నాను.

మనం బరంపురం వాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. ఒక్క మాటే గడపకి ఇటు ఒక అర్థం, అటు ఒక అర్థం ఇస్తే ఎలా ఉంటుందో మనకి తెలిసినంతగా విజయవాడ వాళ్ళకి తెలియదు. బడిలో 'శిక్షక' అంటే పాఠం చెప్పే మాస్టారు. 'శిక్షా' అంటే చదువు. ఇంటికొస్తే మామ్మ "వీడికి శిక్ష పడాలి" అంటుంది. చిన్నప్పుడు నేను ఈ రెండూ ఒకటే అనుకునేదాన్ని. మా లెక్కల మాస్టారి చేతిలో బెత్తం ఉండేది కాబట్టి అనుమానం రాలేదు.

నిజానికి రెండూ ఒకటే మాట. సంస్కృతంలో 'శక్' అంటే చేయగలగడం. చేయగలగాలి అని కోరుకోవడం 'శిక్ష్'. అందులోంచి వచ్చింది శిక్ష. వేదాంగాలు ఆరింటిలో ఒకదాని పేరే శిక్ష, అది అక్షరాలని సరిగ్గా పలకడం నేర్పే శాస్త్రం. హిందీ, ఒడియా ఆ నేర్చుకునే అర్థాన్నే ఎక్కువగా నిలుపుకున్నాయి. తెలుగు, కన్నడం, మరాఠీ మాత్రం 'శిక్షణ'ని చదువు వైపు ఉంచి, 'శిక్ష'ని దండన వైపు తోసేశాయి. చివరికి 1860 నాటి పీనల్ కోడ్‌కి తెలుగులో 'శిక్షాస్మృతి' అనే పేరు స్థిరపడింది. 'దండన' సంగతి వేరు. అందులో దండం ఉంది, అంటే కర్ర. దాచుకోవడానికి ఏమీ లేదు. (పెద్దవాళ్ళకి పెట్టే దండం కూడా ఆ కర్ర బంధువే. ఆ కథ ఇంకో నెల రాస్తాను.)

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. వాడు ప్లస్ టూ మొదటి సంవత్సరం. అప్పటికి పదహారు నిండి రెండు నెలలు. ఒక ఆదివారం అమ్మా నాన్నా పలాసలో పెళ్ళికని ముందు రోజు సాయంత్రం రైలెక్కారు. ఇంట్లో మామ్మ, నేను, వాడు. కారు తాళం ఎప్పటిలాగే ముందు గదిలో క్యాలెండర్ పక్క మేకుకి వేలాడుతోంది. తెల్లవారక ముందే తాళం తీసుకుని, ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని, సూర్యోదయం చూడ్డానికి గోపాలపూర్ వెళ్ళాడు. క్షేమంగానే వెళ్ళాడు, క్షేమంగానే తిరిగొచ్చాడు. మా వీధి చివర కారు తిప్పడానికి రివర్సు తీసినప్పుడు మావుసీ బండిని గుద్దాడు.

ఆవిడ ఇరవై ఏళ్ళుగా అక్కడే ఇడ్లీ, బరా అమ్ముతోంది. పొయ్యి మీద మూకుడు, మూకుడు నిండా కాగిన నూనె. ఆవిడ కుళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళింది. నూనె అంతా రోడ్డు మీద, గిరాకీలు కూర్చునే బల్ల కాళ్ళ దగ్గర పారింది. ఆ పూట అప్పటికింకా ఎవరూ రాలేదు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి నూనె మట్టిలోకి ఇంకుతూ బుడగలు వస్తోంది. ఇప్పటికీ బరా చూస్తే ఆ బుడగలే గుర్తొస్తాయి.

నాన్న మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. వస్తూనే రెండు తగిలించారు. అమ్మ ఏడుస్తూ అన్నం పెట్టనంది, పదకొండు గంటలకి తానే పెట్టింది. తరవాత నాన్న రెండు వేలు జేబులో పెట్టుకుని, "ఇచ్చేసి వస్తాను, విషయం బయటికి పోకూడదు" అని చెప్పులేసుకున్నారు.

తెలుగులో ఇలాంటి సందర్భానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. బుద్ధి చెప్పడం, భయం చెప్పడం, గడ్డి పెట్టడం, తోలు తీయడం, దేహశుద్ధి. భయాన్ని కూడా మనం 'చెప్తాం', పాఠం చెప్పినట్టు. 'బుద్ధి చెప్పడం' శిక్షలాగే రెండు మొహాల మాట. మంచి మాటలతోనూ బుద్ధి చెప్పొచ్చు, చెంపదెబ్బతోనూ చెప్పొచ్చు. మా ఇంట్లో ఆ రోజు మొదటిది ఎవరికీ గుర్తు రాలేదు. పదహారు వచ్చిన కొడుకుతో స్నేహితుడిలా మెలగమనే నీతిశ్లోకం నాన్నకి కంఠతా వచ్చు. వాడికి రెండు నెలలే ఎక్కువయ్యాయి కదా, ఇంకా అమల్లోకి రాలేదేమో.

నాన్నని ఆపింది మామ్మ. "కొట్టేశావు, డబ్బిచ్చేస్తావు. ఇక ఆడికి మిగిలిందేటి? బాకీ తీరిపోయిందనుకుంటాడు" అంది. నాకు ఆ మాట పెద్ద వ్యాఖ్యానంలా తోచింది. దెబ్బ కొట్టినవాళ్ళ కోపం తీరుతుంది, తిన్నవాడి లెక్క ముగుస్తుంది. మూకుడు పోయిన మనిషి మాత్రం ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

చివరికి నాన్న వాణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళారు. మావుసీ రెండు వేలు తీసుకోలేదు. మూకుడు, నూనె, పిండి, విరిగిన చెక్క, ఆ పూట పోయిన బేరం అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి పదకొండు వందల నలభై అంది. వాడి చెంప మీద వాపు చూసి నాన్నతో ఒడియాలో, "కొట్టకు బాబూ, నేర్పు" అంది. ఆవిడ వాడిన క్రియ 'శిఖా'. అదీ సంస్కృతపు శిక్ష్ నుంచి అరిగి వచ్చినదే. వ్యుత్పత్తి తెలియకుండానే ఆవిడ మాటని దాని పాత చోట పెట్టేసింది. ఆ పదకొండు వందల నలభై వాడు ఫోన్ కోసం దాచుకున్న డబ్బులోంచి ఇచ్చాడు. నాలుగు ఆదివారాలు తెల్లవారి అయిదింటికి వెళ్ళి ఆవిడకి నీళ్ళు మోశాడు. మొదటి ఆదివారం స్నేహితులు చూస్తారని తువ్వాలు కప్పుకుని వెళ్ళాడు. నాలుగోసారికి తువ్వాలు ఇంట్లోనే ఉంది.

పూణే సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024 మే 19 తెల్లవారుజామున పదిహేడేళ్ళ అబ్బాయి నడిపిన ఖరీదైన కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. ఆ అబ్బాయికి బెయిలు షరతుల్లో ఒకటి మూడు వందల పదాల వ్యాసం రాయడం. దేశమంతా మండిపడింది, కొద్ది రోజుల్లో ఆ ఉత్తర్వు మారింది. వ్యాసం రాయించడం తప్పని నేను అనను, నేనిప్పుడు చేస్తున్న పని అదే. కానీ రెండు ప్రాణాల ఎదుట పెట్టినప్పుడు అది శిక్ష అనే మాటకి ఉన్న రెండు అర్థాల్లో దేనికీ సరిపోదు.

మా ఇంట్లో వాడి చేత వ్యాసం రాయించలేదు, చట్టం చదివించాం. ఒక రాత్రి భోజనాల తరవాత వాడే పైకి చదివాడు. మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ళు రోడ్డు మీద కారు నడపకూడదు. పదహారు నిండినవాళ్ళకి 50 సీసీ మించని మోటారు సైకిలు వరకే అనుమతి. (మన కాలేజీ గేటు ముందు ఆగే స్కూటర్లలో చాలా వరకు 110 సీసీవి. చెల్లెళ్ళూ, మీ తమ్ముళ్ళు దింపి వెళ్తుంటే ఇది గమనించండి.) 2019 సవరణలో 199ఎ అనే సెక్షను చేర్చారు. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడు లేదా యజమాని దోషి అవుతారు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. 'ఇరవై అయిదు' దగ్గర వాడి గొంతు సన్నబడింది.

నాన్న గొంతు ఆగింది దాని తరవాత. తనకి తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో తండ్రి రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు. కానీ ఆ రుజువు వచ్చేదాకా తండ్రి సమ్మతితోనే పిల్లవాడు బండి తీశాడని కోర్టు అనుకోవాలి. "అదెలా? నేను ఊళ్ళోనే లేనుగా!" అన్నారు నాన్న. ఎవరూ మాట్లాడలేదు. పోయిన వేసవిలో ఊరి బయట ఖాళీ లేఔట్లో వాడికి స్టీరింగ్ ఇచ్చింది నాన్నే. "మావాడు రివర్సు కూడా తీసేస్తాడు" అని పలాస బంధువులకి ఫోన్లో చెప్పిందీ నాన్నే. కాసేపటికి, "రాసినవాడెవడో మనింటికొచ్చి చూసి రాశాడు" అన్నారు. నెల రోజులు కారు తీయలేదు, కొట్టుకి నడిచే వెళ్ళారు. అది ఎవరు ఎవరికి వేసిన శిక్షో నేను అడగలేదు.

ఇక నా వంతు. అంతకు ముందు దసరా సెలవుల్లో ఒక రాత్రి వాడు కారు తీసి రెండు వీధులు తిరిగి వచ్చాడు. నేను గేటు తీశాను, నోరు మూసుకున్నాను. ఆ రాత్రి ఈ సంగతి కూడా చెప్పేశాను. తమ్ముడు నా వైపు చూసి "అప్పా!" అన్నాడు, అంతే. మొత్తం వ్యవహారంలో వాడికి బాగా తగిలిన దెబ్బ అదేనేమో. నాన్న మాత్రం, "నువ్వు ఆడపిల్లవి, నీకేం తెలుస్తుందిలే" అని వదిలేశారు.

నాకు శిక్ష పడలేదు. సంతోషించాలి. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. నాకు ఇరవై ఏళ్ళు. చట్టం నాకు రెండేళ్ళ కిందటే అనుమతి ఇచ్చింది. చట్టం వద్దన్నవాడికి లేఔట్లో రెండు నెలలు నేర్పారు, సరేనన్న నాకు తాళం ఏ వైపు తిప్పాలో కూడా నేర్పలేదు. తప్పు చేసినా లెక్కలోకి రానిదానికి నేర్పడం మాత్రం ఎవరికి గుర్తొస్తుంది? శిక్షకీ శిక్షణకీ ఒకే ధాతువు అని మొదట్లో రాశాను కదా, ఆ రాత్రి ఆ రెండూ ఒకేసారి నన్ను దాటి పోయాయి.

పొద్దున్నే అడిగేశాను, "నాన్నా, నాకు నేర్పుతారా?" అని. "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో 'చూద్దాం' అంటే కాదని అర్థం. మామ్మ లోపల్నించి, "ఏటి చూసేది? ఆడికి చూసే నేర్పేవా?" అంది.

లెర్నర్స్ లైసెన్సు వచ్చింది. ప్రశ్నలన్నీ తమ్ముడే అడిగి చదివించాడు, వాడికి చట్టం ఇప్పుడు నాకంటే బాగా వచ్చు. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలని నియమం కాబట్టి నాన్న కూర్చుంటున్నారు, ఎడమ చెయ్యి తలుపు మీద, కుడి చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద. మావుసీ బండి దగ్గర కారు తిప్పాల్సి వస్తే ఆయన దిగి వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నారు.