సంఘపు పండుగలో ఎవరికి చోటు?

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 16:9–17, లేవీయకాండము 23:15–25, 1 సమూయేలు 1:1–18, నెహెమ్యా 8:9–12.



ద్వితీయోపదేశకాండము పదునారవ అధ్యాయమును చదువునప్పుడు మనము సాధారణముగా పండుగల పేర్లను, దినముల లెక్కను చూచి దాటిపోవుదుము. ఈ మారు పండుగకు రావలసినవారి వరుసను చూడుడి. పదకొండవ వచనములో ఇంటి యజమానుని తరువాత అతని కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఊరిలోనున్న లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు పేర్కొనబడిరి. మూడు వచనములు గడచిన పిమ్మట పర్ణశాలల పండుగను గూర్చి చెప్పుచు మోషే ఆ వరుసను మరల మొదటినుండి చెప్పెను. ఒకసారి చెప్పినది చాలునని ఆయన అనుకొనలేదు. పండుగ సందడిలో ఎవరు మరువబడుదురో ఆయనకు తెలియును.

అదే అధ్యాయము చివర రెండవ నియమమున్నది. పండుగకు వచ్చువారు వట్టిచేతులతో రారాదు. కాని ఎవరు ఎంత తేవలెనను దానికి దేవుడు వారికిచ్చినదే కొలత. ఎవరిని విడువకూడదు, ఎవరును వట్టిచేతులతో రాకూడదు. ఈ రెండింటిని కలిపి నెరవేర్చుట చిన్న సంఘమునకు ఎంత కష్టమో కానుకల పుస్తకము పట్టిన పరిచారకునకు తెలియును.

సంఘ సంవత్సరమును ఎవరు ఏర్పరతురు?

కొన్ని సంఘశాఖలకు ప్రార్థనల పుస్తకమును, సంవత్సరమంతటికి పాఠముల పట్టికయు గలవు. ఏ ఆదివారము ఏమి చదువవలెనో, ఏ దినము పండుగయో అందులో వ్రాయబడియుండును. బాప్తిస్టు సంఘములకు అట్టి పట్టిక పైనుండి రాదు. దినములను ఆచరించు విషయములో ఒకరినొకరు తీర్పు తీర్చవద్దను పౌలు బోధ (రోమా 14:5, 6) వారికి ఆధారము. పూర్వపు ప్యూరిటనులు ఇంకను కఠినులు. అమెరికాలోని మసాచుసెట్సులో 1659 మొదలు 1681 వరకు క్రిస్మసు ఆచరించిన వారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించు చట్టముండెను. నేడు మన పల్లెలలో క్రిస్మసుకు నక్షత్రము కట్టని క్రైస్తవుల ఇల్లు వెదకినను దొరకదు!

కావున బాప్తిస్టు సంఘములో ఏ పండుగ చేయవలెను, ఎంత ఖర్చు పెట్టవలెను, ఎవరిని పిలువవలెను అనునది సభ్యుల కూటములో తీర్మానింపబడును. ఇది గొప్ప స్వాతంత్ర్యము. బాధ్యతయు అంతటిదే. పండుగలో ఒకరు విడువబడినయెడల, పైవారు అట్లు ఏర్పరచిరని తప్పించుకొనుటకు మనకు వీలులేదు.

గంగవరము, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు ఈ మాటకు మరింత బరువున్నది. ఈ సీమలో మొదట వేరూనినది ఆర్కాటు మిషను పని. జేకబ్ చేంబర్లేను దొరగారు 1860వ దశకములో పలమనేరులోను, తరువాత మదనపల్లెలోను సేవచేసిరి. ఆ మిషను సంఘములు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో కలిసినవి. తెలుగు బాప్తిస్టుల పాదు నెల్లూరు, ఒంగోలు ప్రాంతము. వారు ఆ ఐక్యతలో చేరలేదు. 1962లో తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశము ఏర్పడెను. కోస్తాలో ఊరూర బాప్తిస్టులుండగా, ఈ ఎగువ సీమలోని చిన్న బాప్తిస్టు సంఘము తన ఇరుగుపొరుగు సంఘములకంటె వేరైన పద్ధతితో, కొద్దిపాటి కుటుంబములతో సంవత్సరమును నడుపుకొనవలెను. అట్టి చోట ఒక్క కుటుంబము దూరమైనను బల్ల ఖాళీగా కనబడును.

కొద్దిమందియని సిగ్గుపడనక్కరలేదు. 1854 జనవరి 1న సూర్యోదయవేళ ఒంగోలు కొండమీద మోకరించినవారు ఐదుగురే: జూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండయందురు. మనము నూతన సంవత్సరపు ఉదయమున కూడునప్పుడు తెలుగు బాప్తిస్టులకు ఆ దినమున సొంత జ్ఞాపకమొకటి గలదని పిల్లలకు చెప్పుట మంచిది. పదమూడేండ్లకు, 1867 జనవరి 1న, ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో స్థాపింపబడెను. పల్లెలలో పనిచేయువారు మూడు నెలలకొకమారు కాలినడకను ఒంగోలు చేరి, తమ తమ ఊళ్ల సంగతులు చెప్పి, కలిసి ప్రార్థించి, మరల వెళ్లెడివారు. క్లౌ దొరగారి కాలమందలి ఆ త్రైమాసిక కూటములే చెదరియున్న పల్లెవారిని ఒక్క సంఘముగా కట్టినవి.

నీరున్న దినము

బాప్తిస్మపు దినమును గూర్చి ఒక మాట. ముంచి ఇచ్చు బాప్తిస్మమునకు నడుములోతు నీరు కావలెను. కోస్తావారికి ఏరులు, కాలువలు గలవు. మన కౌండిన్య ఏరు ఏడాదిలో చాలనాళ్లు ఇసుకయే. మే నెలలో చెరువు అడుగు పగిలియుండును. కావున ఇచ్చట బాప్తిస్మపు దినమును కాపరి డైరీకంటె అక్టోబరు, నవంబరు వానలే ఎక్కువగా నిర్ణయించును. వాన తప్పిన యేట ఎవరిదైన వ్యవసాయపు బావికో తొట్టికో వెళ్లవలసియుండును. ఆ బావిగలవాడు క్రైస్తవుడు కాకపోవచ్చును; అయినను మోటారు వేసి నీరు నింపి, గట్టున నిలిచి చూచువారు మన ఊళ్లలో గలరు. అట్టి పొరుగువానిని ఆనాటి భోజనమునకు పిలుచుట మరువవద్దు. అతడు మోషే వరుసలోనివాడే.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను అందరును చెప్పుదురు. దానికి ముందు జరిగినది కొందరే చెప్పుదురు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు. క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించిరి. ఆ దినములలో బాప్తిస్మము కోరినవారికి ఇయ్యక నిలిపిరి; కూలికొరకును గింజలకొరకును క్రైస్తవులైరను మాట రాకూడదని. సహాయపు పని ముగిసిన తరువాతనే ఏటికి నడచిరి. ఆనాడును గుంపును గుంపుగా ముంచలేదు. పట్టికలోని పేరు పిలువగా ఒక్కొక్కరు దిగిరి. ఒక్కసారికి ఇద్దరు బోధకులే నీటిలో నిలిచిరి. రెండువేలమందియున్న దినమున పేరుపేరున పిలిచినవారి బిడ్డలము, ముప్పదిమందియున్న మన కూటములో ఎవరు రాలేదో గమనింపకుందుమా?

కోతపండుగయు వేలమును

నేటి కోతపండుగ ఆరాధన ఇంగ్లండులో మోర్వెన్‌స్టో అను పల్లె గురువైన రాబర్టు హాకరు 1843లో జరిపిన కృతజ్ఞతారాధననుండి వ్యాపించినదందురు. దాని వేరు మాత్రము ద్వితీయోపదేశకాండము 26లోని ప్రథమఫలముల గంపలోనున్నది. కోస్తా సంఘములకు వరి కోత ఒక్కటే గురుతు. మనకు వేరుశనగ ఒకప్పుడు, రాగులు ఒకప్పుడు. టమాటాలు, పట్టుగూళ్లు, పాలు ఏడాది పొడుగున. ఎవరి కోత ఎప్పుడు? మదనపల్లె టమాటా మార్కెట్టులో ధర పడినప్పుడు కోతకూలియైనను రాదని రైతులు కాయలను తోటలోనే విడుచుట మనమెరుగుదుము. ఆ వారములోనే కోతపండుగ వచ్చినయెడల ఆ ఇంటివారు గంపలో ఏమి పెట్టుదురు? అప్పుచేసి పెట్టుమని ధర్మశాస్త్రము చెప్పలేదు. కలిగిన కొలదియే.

తరువాత వేలము. గుమ్మడికాయ, కోడిపుంజు, రాగిసంచి ముందుకు తెచ్చి పాట పాడుదురు. నవ్వులాటగా మొదలై, ఇద్దరు ముగ్గురు కలిగినవారి పంతముగా ముగియును. నాలుగు గ్రుడ్లు కొంగున కట్టి తెచ్చిన విధవరాలు తాను తెచ్చిన గ్రుడ్లకు తానే పాట పాడలేక గోడప్రక్కన కూర్చుండును. వేలము పాపమని నేననుటలేదు. దానివలన సంఘమునకు రాబడి వచ్చును, మందిరపు కప్పు బాగుపడును. అయితే లేవీయకాండము 23ను తెరచి చూడుడి. అది పండుగల పంచాంగము. వారముల పండుగకును బూరల దినమునకును నడుమ ఇరువదిరెండవ వచనము పండుగను గూర్చినది కాదు: పొలపు అంచులు మిగుల్చుమనియు, పరిగె బీదలకును పరదేశులకును విడువుమనియు అందున్నది. ఎవరో తప్పుచోట వ్రాసినట్లు తోచును. అది తప్పుచోటు కాదు. పండుగ మధ్యనే ఆ మాట వినబడవలెను. వేలము మొదలుకాకముందే కానుకలలో ఒక పాలు తీసి, సంఘములో ఆ యేట పంట పోయిన ఇంటికిని, వ్యాధితోనున్న ఇంటికిని చప్పుడు లేక పంపిన సంఘము ఈ వచనమును చదివిన సంఘము. ఎవరికి పంపిరో మైకులో చదువనక్కరలేదు.

పంట లేనివారు వట్టిచేతులవారు కారు. మందిరము అలికి, ముగ్గువేసి, నీళ్లు మోసి, వంటపాత్రలు తోమినవారి చేతులను వట్టివి అనగలమా?

హన్నా కన్నీరు

ఎల్కానా యేటేట షిలోహునకు పోయెడివాడు. ఒకయేడును తప్పని భక్తిగల కుటుంబము. అయితే హన్నా దుఃఖము ఎక్కువైనది ఇంట కాదు, పండుగలోనే. అందరికి పాళ్లు పంచిపెట్టినప్పుడు పెనిన్నాకును ఆమె బిడ్డలకును వచ్చిన పాళ్లను చూచి ఆమె భోజనము మానెను. పెనిన్నా ఎత్తిపొడుచుట యేటేట జరిగెనని వాక్యము చెప్పుచున్నది. పండుగ తిరిగివచ్చినప్పుడెల్ల గాయమును తిరిగివచ్చెను. అచ్చటి యాజకుడు ఆమెను చూచి త్రాగినదనుకొనెను! కాపరులు ఈ భాగమును నిదానముగా చదువవలెను. మన తల్లుల దినపు ఆరాధనలో బిడ్డలులేని సహోదరికి ఎట్లుండును? క్రిస్మసు విందులో ఆ యేడు భర్తను పోగొట్టుకొన్న ఆమె ప్రక్కన ఎవరు కూర్చుండిరి?

మార్చి మొదటి శుక్రవారము స్త్రీల ప్రపంచ ప్రార్థనా దినము వచ్చును. దానిని మన స్త్రీలు చక్కగా జరుపుదురు. ఒక మనవి మాత్రము: సాయంకాలము పాలు పిండి డెయిరీకి పోయు వేళకు కూటము పెట్టవద్దు. పెట్టి, రాలేదని నిందింపవద్దు.

బెంగుళూరు బస్సు వచ్చు వారము

క్రిస్మసు వారములో బెంగుళూరునుండి మన యువకులు, కుమార్తెలు, అల్లుండ్రు బస్సు దిగుదురు. ఊరు నిండును, పాటలతో తెల్లవార్లు ఇంటింటికి తిరుగుదురు, సంతోషమే. వారు ఇచ్చు సొమ్ముతోనే పందిరి, దీపములు, మైకు, విందు. ఇక్కడొక చిక్కున్నది. సొమ్ము తెచ్చినవారి మాట కూటములో పెద్దదగును. ఏడాది పొడుగున గంట కొట్టి, చాపలు పరచి, కాపరి రాని ఆదివారమున కీర్తన ఎత్తుకొన్న ముసలి పరిచారకుడు ఆనాడు వెనుక వరుసలో నిలిచియుండును. బస్సు దిగినవారు పరదేశులు కారు, మన బిడ్డలే, వారిని గద్దింపవద్దు. వారిలో కొందరు అచ్చట ఆదివారపు సెలవు లేక, ఏ సంఘమునకును చెందక, ఒంటరిగానున్నవారు. వారికిని ముసలి పరిచారకునికిని ఒకే బల్లమీద చోటుండవలెను.

కొత్తబట్టల అప్పు మరియొకటి. పొరుగు బిడ్డకు కొత్త చొక్కా ఉండగా తన బిడ్డకు లేదని తల్లి వడ్డీకి తెచ్చును. ఆ అప్పు పండుగ గడచి ఆరు నెలలు వెంటాడును. కొరింథులో కలిగినవారు ముందే తిని లేనివారిని సిగ్గుపరచిరి (1 కొరింథీయులకు 11:20–22). మన యొద్ద సిగ్గు బట్టలో వచ్చును. నెహెమ్యా కాలములో జనులు ఏడ్చుచుండగా, లేచి భుజించుడని చెప్పినవాడే, ఏమియు సిద్ధము కానివారికి పాళ్లు పంపుడనియు చెప్పెను. విందుతోపాటు పంపుట అక్కడి పద్ధతి. మిగిలినది పంపుట కాదు.

అందుచేత డిసెంబరు మొదటి వారమున జరుగు సభ్యుల కూటములో లెక్కలు చదువక పూర్వము సభ్యుల పుస్తకము చదువుడి. మొదటి పేరునుండి చివరి పేరువరకు పేరుపేరున పిలువుడి. పలుకని పేరు వద్ద ఆగి, ఆ ఇంటికి ఎవరు పోవుదురో అచ్చటనే వ్రాయుడి. ఒకరు మాటపట్టింపువలన రాకపోవచ్చును. అట్టివారి యొద్దకు గొడవపడినవాడే పోవలెను (మత్తయి 5:23, 24), పరిచారకుని పంపి ఊరకుండరాదు. ఒకరు మంచము పట్టియుండవచ్చును. ప్రభువు బల్ల రొట్టెను, రసమును ఆ ఇంటికి మోసికొనిపోవు దినము నిర్ణయింపుడి. ఇవి ముగిసిన తరువాత పందిరికి ఎంత, మైకుకు ఎంత అని మాటలాడుడి. అప్పటికి పొద్దుపోయినయెడల మైకు సంగతి మరునాటికి ఉంచవచ్చును.