ఆ మూడు రాత్రుల కాపలా

పామర్రు

రాధికా,

అల్సర్‌కి క్లిప్ వేసి రక్తం ఆపాక ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని ఇంటికి పంపొచ్చు అని అడిగావు. విజయవాడలోనే ఉండే మనిషైతే అంత బెంగ లేదు. కానీ మీ ఆసుపత్రికి మన పామర్రు సెంటరు దాటుకుని గుడివాడ నుంచీ, బందరు నుంచీ, దివిసీమ నుంచీ వస్తారు. నాగాయలంకలో అర్ధరాత్రి మళ్లీ రక్తం కక్కుకుంటే నీ స్కోప్ దగ్గరికి చేరేలోపు ఏమవుతుందో లెక్కేసుకుని అప్పుడు డిశ్చార్జి చీటీ రాయి. ప్రమాదాన్ని అంచనా వేసే ఏ స్కోరులోనూ దూరానికి మార్కుల్లేవు.

స్కోర్లు వద్దనను. ఏది దేనికోసం పుట్టిందో మరిచిపోవద్దంటాను. 2000లో వచ్చిన గ్లాస్గో–బ్లాచ్‌ఫర్డ్ ఎండోస్కోపీకి ముందు వేసుకునేది. 1996 నాటి రాకాల్ ప్రాణాపాయాన్ని పసిగట్టినంత బాగా మళ్లీ రక్తం పోవడాన్ని పసిగట్టదు. నువ్వు కళ్లారా చూసిన పుండు వాటికన్నా ఎక్కువ చెబుతుంది. చిమ్ముతోందా, ఊరుతోందా, రక్తనాళం తేలి ఉందా, గడ్డ అంటుకుని ఉందా, అడుగు తేటగా ఉందా? 1974లో ఫారెస్ట్ చేసిన ఈ విభజనే ఇప్పటికీ నడుస్తోంది. అడుగు తేటగా ఉంటే తొందరగానే పంపొచ్చు. ఇదేమీ రాయకుండా 'అల్సర్, క్లిప్ వేశాం' అని రిపోర్టు ముగిస్తే రాత్రి డ్యూటీ వాళ్లకి ఏం తెలుస్తుంది?

వచ్చేటప్పటికే బి.పి. పడిపోయిందా, హిమోగ్లోబిన్ 10కి దిగువనుందా, పుండు 2 సెంటీమీటర్లు దాటిందా చూడు. ఎక్కడుందన్నది మరీ ముఖ్యం. ఆంత్రమూలం వెనక గోడలో ఉంటే ఆ వెనకే గ్యాస్ట్రోడుయోడినల్ ధమని పోతుంది. జీర్ణాశయం లోవంపు పైభాగంలో అయితే ఎడమ గ్యాస్ట్రిక్ ధమని. అక్కడ పెద్ద పుండు కనబడితే ఆ సాయంత్రమే సర్జన్ చెవిన వెయ్యి. ఏమీ జరక్కపోతే ఆయన నవ్వుకుంటాడు, నవ్వుకోనీ. అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చి స్కోప్ బయటికి తీయకు. దాని పట్టు కాసేపే.

మళ్లీ రక్తం పోవడమనేది ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే. 2000లో హాంకాంగ్‌లో లా బృందం స్కోప్ చికిత్స తర్వాత 72 గంటలు ఒమెప్రజోల్‌ను నరంలోకి ఎక్కిస్తే, నెలలోపు మళ్లీ రక్తం పోయినవాళ్లు నూటికి 22.5 నుంచి 6.7కి తగ్గారు. అంతకు మూడేళ్ల ముందే కాశ్మీర్‌లో ఖురూ బృందం, స్కోప్‌తో చికిత్సే చేయకుండా, అదే మందును నోటిద్వారా ఇచ్చి 36.4ను 10.9కి దించింది. వసతుల్లేని చోట పనిచేయాల్సి వస్తే గుర్తుంచుకో.

మందుల సంగతి అడిగే తీరుంది. ఊడ్పులతో నడుములు పడిపోయి ఆర్.ఎం.పి. ఇచ్చిన బిళ్లలు మింగేవాళ్లు 'మందులేమైనా వాడుతున్నారా' అంటే లేదనే అంటారు. 'నొప్పులకి ఏం వేసుకుంటావమ్మా' అని అడుగు. గుండె జబ్బుకి ఆస్పిరిన్ వాడే పెద్దాయనకి భయపడి దాన్ని ఆపేసి వదిలేయకు. 2010లో హాంకాంగ్‌లోనే చూశారు: ఆస్పిరిన్ కొనసాగించినవాళ్లలో మళ్లీ రక్తం పోయింది 10.3 శాతానికి, ఆపినవాళ్లలో 5.4 శాతానికే. కానీ ఎనిమిది వారాల్లో చనిపోయినవాళ్లు ఆపినవాళ్లలో 12.9 శాతం, కొనసాగించినవాళ్లలో 1.3. గుండె డాక్టరుతో మాట్లాడి రెండు మూడు రోజుల్లో మళ్లీ మొదలుపెట్టించు.

హెలికోబాక్టర్ క్రిమి ఉందా అని చేసే పరీక్ష రక్తం పోతున్నప్పుడు లేదనే చూపించవచ్చు. మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో ఆ తారీఖు చీటీ మీద తెలుగులో రాసివ్వు.

మామయ్య