ఏడున్నర శాతం నేర్పిన పాఠాలు

బెజవాడలో నలభై ఏళ్లు దస్తావేజులు రాశాను. 1998లో ‘కార్డ్’ పేరిట రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. నా చేతిరాతకు పని తగ్గింది గానీ, నా బల్ల దగ్గర బేరాలు తగ్గలేదు. అక్కడ తెలుసుకున్నవి కొన్ని చెబుతాను.

1. చలానా కొనేవాడిది, భారం ఇద్దరిదీ. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1. వెరసి 7.5. పటమటలో ఒక ఫ్లాటుకు అరవై లక్షల దగ్గర బేరం ఆగింది. కొనే కుర్రాడు ఫోనులో లెక్కేసి బల్ల మీద పెట్టాడు. “నా దగ్గర ఉన్నదే అరవై మాస్టారూ, రిజిస్ట్రేషన్ కూడా ఇందులోనే అవ్వాలి” అన్నాడు. అమ్మే మాస్టారు ఆ అంకెల వంక కాసేపు చూసి యాభై ఆరుకు కాస్త తక్కువకే దిగారు. చలానా మీద పేరు మాత్రం కుర్రాడిదే.

2. దాచిన ధర ఎక్కడికీ పోదు. నలభైకి కొని పద్దెనిమిదికి రాయించుకున్నాయన ఒకరు నాకు బాగా తెలుసు. తక్కువ రాయించినందుకు, ఇవాళ్టి రేటున, ఆయనకు లక్షా అరవై అయిదు వేలు మిగిలినట్టు. కొడుకు అమెరికా చదువుకని ఈమధ్య అమ్మబోతే, కొనేవాడు బ్యాంకు లోనుతో వచ్చి మొత్తం వైట్‌లోనే ఇస్తానన్నాడు. ఆదాయపు పన్ను వాళ్లకు ఈయన కొన్న ధర పద్దెనిమిదే. లేని లాభం 22 లక్షలు నెత్తిన పడింది. 12.5 శాతం చొప్పున చూసినా రెండు లక్షల డెబ్బై అయిదు వేలు. మరో ఇల్లు కొంటే మినహాయింపు ఉండేది. డబ్బు డల్లాస్ వెళ్లిపోయిందిగా! అప్పుడు ఆ పద్దెనిమిది రాసిన చెయ్యి నాదే.

3. ఈ ఏడున్నర శాతం మనిషిని కదలనివ్వదు. గుణదలలో ఒక ముసలి జంట మూడో అంతస్తులో ఉంటారు, లిఫ్టు లేదు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అదమ్మి కానూరులో కూతురి పక్కన కింది వాటా కొందామని మూడుసార్లు నా దగ్గరకొచ్చారు. లెక్క చూసుకుని మూడుసార్లూ వెనక్కెళ్లారు. ఇప్పుడు కూరలు తాడు కట్టిన బుట్టలో పైకి వెళుతున్నాయి. ఏటా ఇంటి పన్ను మరో నాలుగు రూపాయలు పెంచినా సరే, మారేవాడి మీద ఇంత మోపడం తప్పని నా ఉద్దేశం.

4. రేటు మారుతుందంటే జనం తారీకు చూసుకుంటారు. 2025 ఫిబ్రవరి 1న మార్కెట్ విలువలు పెరుగుతాయనగానే, ముందు రోజుల్లో ముహూర్తం కూడా చూడకుండా పరిగెత్తారు. 2020లో మహారాష్ట్ర డ్యూటీని 5 నుంచి 2 శాతానికి దించితే ముంబైలో రిజిస్ట్రేషన్లు ఎగబాకాయి. అదంతా కొత్త గిరాకీ అనుకోకండి. రేపు కొనేవాళ్లు ఇవాళే కొన్నారు.

5. కట్టుబడిలో ఉన్న ఫ్లాటయితే డ్యూటీ కాక జీఎస్టీ 5 శాతం, 45 లక్షల లోపు చిన్న ఇళ్లకైతే 1. పూర్తయిందని సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ లేదు.

6. పది లక్షలు దాటిన ఇంటికి లోను లెక్కగట్టేటప్పుడు బ్యాంకు ఈ ఖర్చులు కలపదు. రిజర్వు బ్యాంకు నిబంధన అది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ ఏడున్నర చేతిలో పెట్టుకోండి. అగ్రిమెంటులో అసలు ధరే రాయించండి.