అతిథి నేర్పిన పాట

బాలలారా! స్వాతంత్ర్య దినమున ఉదయగిరి దుర్గము క్రింది పాఠశాలలోను, ఆత్మకూరు పాఠశాలలోను పిల్లలు బారులు తీరి నిలుతురు. జెండా ఎగురును, 'జనగణమన' మొదలగును. బ్యాండు మేళమున్నచోట డోళ్లు, బాకాలు ఒక్క గొంతుకవలె మ్రోగును. ఇన్ని వాద్యములు ఏకమగుటెట్లు? పాట స్వరములు కాగితముపై ఉండవలెను. వానిని అనుసరించి నాయకుడు మేళమును నడుపవలెను. ఈ గీతమునకు పాశ్చాత్య పద్ధతిలో అట్టి స్వరలిపి మన తెలుగునేలపై, మదనపల్లెలో, ఏర్పడినది.

రవీంద్రనాథ ఠాకూరు వంగభాషలో రచించిన ఈ గీతము 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడబడెను. 1919 ఫిబ్రవరిలో ఆయన దక్షిణదేశ యాత్ర చేయుచు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చిరి. ఆ కళాశాల ప్రధానాచార్యులు ఐర్లండు కవియైన జేమ్సు కజిన్సు. ఒక సాయంకాలము విద్యార్థుల పాటల సభలో రవీంద్రులు తామును ఈ గీతమును ఆలపించిరి. పిల్లలకు వంగభాష రాదు. అయినను పల్లవి రాగానే వారును గొంతు కలిపిరి.

ఆ సభలో కజిన్సు భార్య మార్గరెట్టు కూడ ఉండిరి. ఆమె ఐర్లండులో సంగీతమున పట్టము పొందిన విదుషి. ఆమె పాటను విని ఊరకుండలేదు. స్వరములను వ్రాసి, కవికి చూపి, ఆయన ఆమోదము పొందిరి. ఎక్కడి వంగదేశము! ఎక్కడి ఐర్లండు! ఎక్కడి మదనపల్లె! ఒక్క పాట వారినందరిని చుట్టములను చేసెను. ఫిబ్రవరి 28న కవి దానిని ఆంగ్లమున అనువదించి, 'భారత ప్రభాత గీతము' అను అర్థము వచ్చు పేరుంచి, తమ చేతితో వ్రాసి ఇచ్చిరి.

1950 జనవరి 24న ఈ గీతపు మొదటి చరణము జాతీయ గీతమాయెను. దానిని పాడుటకు పట్టు కాలము సుమారు 52 సెకనులు. మూలమున మొత్తము ఐదు చరణములు కలవు. ఐదవదానిలో 'ఉదయగిరి' అను మాట వచ్చును! అది మన ఊరు కాదు, సూర్యుడుదయించు తూర్పు కొండ. అయినను ఆ మాట వినగానే ఉదయగిరి బాలుని మనసు పొంగదా?

విని మరచిన పాట గాలిలో కలియును. వ్రాసి దాచిన పాట ఎన్నడును చూడని ఊరి పిల్లలకు సైతము చేరును. అతిథి వెడలిపోయెను, ఆయన పాట మనయింటిదై నిలిచినది.